ఫ్రెంచి సినిమా, సేమియా పాయసం

నేను పిరికిదాన్ని. ఈ మాట ఇంకొకరు అంటే ఊరుకోను గానీ, నా అంతట నేను ఒప్పుకోవడానికి నామోషీ ఏమీ లేదు. లిఫ్ట్ ఎక్కాలంటే భయం, ఫోన్‌లో ఇంగ్లీషు మాట్లాడాలంటే భయం, అపార్ట్‌మెంట్ మేనేజర్ తలుపు కొడితే భయం. నరసాపురం నుంచి ఎడిసన్ వచ్చి అప్పటికి ఆరేళ్లు. మాతో పాటు వచ్చిన సామాన్లు సగం విరిగిపోయాయి గానీ ఈ భయాలకి చిన్న గీత కూడా పడలేదు. అలాంటి నన్ను మా ఆయన సుందర్ రాజ్ ఒక గురువారం సాయంత్రం హత్యల సినిమాకి తీసుకెళ్లారు.

ఎనభై నాలుగో సంవత్సరం, మార్చి నెల. ఆయనకి సినిమా పిచ్చి. తెలుగు సినిమా ఏడాదికి ఒకటో రెండో, అదీ ఎవరో పుణ్యాత్ములు స్కూలు హాలు అద్దెకి తీసుకుని వేస్తేనే. అందుకని మిగతా రోజుల్లో ఏ భాషదైనా సరే, తెర మీద మనుషులు కదిలితే చాలు, వెళ్లిపోతారు. మా టౌన్ లైబ్రరీలో గురువారాలు పాత సినిమాలు ఊరికే వేసేవారు. ఆ వారం ఫ్రెంచి సినిమా. నలుపు తెలుపు, కింద ఇంగ్లీషు అక్షరాలు.

"హత్యలంటే భయపడకు దేవీ, ఇది కామెడీ" అన్నారు ఆయన.

కథ ఏమిటంటే, ఒక చిన్న ఊళ్లో ఒక విధవరాలు గదులు అద్దెకిస్తూ ఉంటుంది. మెళ్లో ముత్యాల దండ, మొహం మీద చెరగని నవ్వు. రాత్రి భోజనాలయ్యాక అద్దెకున్న వాళ్లకి చిన్న చిన్న గ్లాసుల్లో చెర్రీ పళ్ల సారా పోసి ఇస్తుంది. "ఇంకొక్క చుక్క" అంటుంది. తాగినవాడు తెల్లారేసరికి ఉండడు. ఒకాయనకి అనుమానం వస్తుంది. గ్లాసు వాసన చూస్తాడు, మొహం చిట్లిస్తాడు. కానీ ఆవిడ ఎదురుగా నవ్వుతూ నిలబడి ఉంది, వద్దంటే మర్యాదగా ఉండదని గటగటా తాగేస్తాడు. ఆఖరికి దర్యాప్తుకి వచ్చిన పోలీసు ఇన్‌స్పెక్టరు కూడా అంతే. అన్నీ తెలిసి, టోపీ తీసి, థాంక్స్ చెప్పి మరీ తాగుతాడు.

హాలంతా పడీ పడీ నవ్వారు. మా ఆయనైతే కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నారు. నేను మాత్రం హ్యాండ్‌బ్యాగ్ గుండెలకి హత్తుకుని కూర్చున్నాను. ఆవిడ సీసా ఎత్తినప్పుడల్లా కళ్లు మూసుకున్నాను. అంతమంది చచ్చిపోతుంటే ఆ పాటలేమిటో, ఆ నవ్వులేమిటో నాకు అర్థం కాలేదు.

"వద్దు అనడానికి మొహమాటపడి ప్రాణాలు పోగొట్టుకుంటారా ఎవరైనా? బుద్ధుండాలి" అన్నాను కార్‌లో.

"అదే కదా అందులో కామెడీ" అన్నారు ఆయన. నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

శనివారం మధ్యాహ్నం ఉషని, దామోదర్‌ని భోజనానికి పిలిచాను. వాళ్లది హనుమకొండ. మా పక్క బిల్డింగే. దామోదర్ ఫోన్ల కంపెనీలో ఇంజనీరు, నన్ను సొంత అక్కలా చూస్తాడు. ఉషకి అప్పుడు ఏడో నెల. అంతకు ముందు రెండు గర్భాలు నిలబడలేదు, ఒకటి నాలుగో నెలలో, రెండోది ఆరో నెలలో పోయాయి. ఆ రెండుసార్లూ నేను రోజూ క్యారియర్ పట్టుకుని వెళ్లి, సాయంత్రం దాకా ఆ పిల్ల పక్కన కూర్చుని, ప్రార్థన చేసి వచ్చేదాన్ని. ఈ దేశంలో ఆమెకి నేను తప్ప ఎవరున్నారు? నాకు పిల్లలు లేరు. ఉష కడుపులో బిడ్డ మీద నేను పెట్టుకున్న ఆశ ఎవరికీ చెప్పుకునేది కాదు. ఆరో నెల దాటిందని తెలిసిన రోజు బాత్రూంలో తలుపు వేసుకుని ఏడ్చాను. ఆ రోజు నుంచి నా భయాలన్నీ ఒక్కటైపోయాయి, ఈ బిడ్డ కూడా పోతుందేమోనని.

ఇక్కడ మా వంటింటి సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ ఏ డబ్బాలోనూ దాని పేరున్న వస్తువు ఉండదు. ఐస్‌క్రీం డబ్బాలో ఇడ్లీ పిండి, బిస్కెట్ల డబ్బాలో ఎండుమిరపకాయలు, కాఫీ సీసాల్లో పిండులూ పప్పులూ. ఖాళీ సీసా పారేయాలంటే మన ఆడవాళ్లకి చేతులు రావు. ఎడిసన్‌లో ఏ తెలుగువాళ్ల ఇంట్లో చూసినా ఇదే వరస. నేను మిక్సీలో ఆడించిన బియ్యప్పిండి ఒక కాఫీ సీసాలో ఉండేది. అచ్చం అలాంటి సీసాలోనే ఆయన క్యారమ్స్ బోర్డు మీద చల్లే పౌడరు ఉండేది. అది బోరిక్ పౌడరు. మా మేనేజర్ బొద్దింకల కోసం స్టవ్‌ల వెనకాల చల్లించేదీ అదే. అది తిన్న బొద్దింకలు మర్నాటికి వెల్లకిలా పడి ఉండేవి.

ఆ పౌడరు సీసా హాల్లో అలమరలో, బోర్డు పక్కనే ఉంటుంది. ఆ రోజు పొద్దున దామోదర్‌తో ఆడాలని ఆయన బోర్డు బయటికి తీసి, తడిగుడ్డ కోసం వంటింట్లోకి వచ్చి, చేతిలో సీసా స్టవ్ పక్కన పెట్టేశారు. వెళ్లేటప్పుడు అక్కడున్న రెండు కాఫీ సీసాల్లో ఒకటి పట్టుకుపోయారు. నేను చూడలేదు. నా గొడవ నాది. సేమియా పాయసంలో పాలు ఎక్కువై నీళ్లలా ఉంది. తీపి చూస్తే సరిపోయింది. చిక్కబడడానికని కాఫీ సీసాలోంచి ఒక స్పూను పాలల్లో కలిపి పోశాను. చిక్కబడలేదు. ఇంకో స్పూను వేశాను. ఊహూ. అమెరికా పాలని తిట్టుకుంటూ మరో స్పూను దండిగా వేసి దించేశాను.

భోజనాల బల్ల దగ్గర సుందర్ రాజ్ ప్రార్థన చేశారు. కోడికూర, గోంగూర, అన్నం అయ్యాక కప్పుల్లో పాయసం ఇచ్చాను. నేను ఎప్పుడూ ఆఖరున తింటాను. పాయసం తింటున్నంతసేపూ ఆయన వాళ్లకి ఫ్రెంచి సినిమా కథ చెప్పారు. చెప్పడమేమిటి, నా చేతిలో గరిటె లాక్కుని ఆ విధవరాలిలాగ నడిచి చూపించారు. దామోదర్ నవ్వీ నవ్వీ దగ్గాడు.

ఉష ఒక స్పూను నోట్లో పెట్టుకుని ఆగింది. "మంచిగుంది అక్కా" అని కప్పు కింద పెట్టింది.

"మంచిగుంటే తినవేం?"

"కడుపు నిండింది అక్కా. కొంచెం ఆగి తింట."

"నీ కోసం కాదమ్మా, లోపలున్న వాళ్ల కోసం తిను. తినకపోతే నా మీద ఒట్టే."

వంటింట్లోకి వెళ్లి నీళ్లు తెచ్చేసరికి ఆమె కప్పు ఖాళీగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది. వద్దక్కా వద్దక్కా అంటున్నా వినకుండా మళ్లీ నింపాను. దామోదర్‌కి కూడా వేశాను. కాసేపటికి చూస్తే అవీ ఖాళీ. మా ఆయనకి షుగరని అర కప్పే ఇచ్చాను, ఆయనా మాట్లాడకుండా తిన్నారు.

"చూశారా, ఇంకొక్క చుక్క అంటూ అచ్చం ఈవిడే" అన్నారు నన్ను చూపించి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత మగవాళ్లిద్దరూ బోర్డు ముందు కూర్చున్నారు. ఉష సోఫాలో కాళ్లు చాపుకుంది. నేను పాయసం గిన్నె అడుగున మిగిలింది కప్పులో వేసుకుంటుంటే హాల్లోంచి ఆయన విసుగు వినపడింది.

"ఈ పౌడరుకి ఏమొచ్చింది దేవీ? స్ట్రయికర్ కొడితే జానెడు కూడా కదలడం లేదు. కాయిన్లు అతుక్కుపోతున్నాయి."

కప్పు చేతిలో అలాగే ఉంచుకుని వెళ్లి చూశాను. బోర్డు మీద తెల్లగా చల్లి ఉంది. వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. బియ్యప్పిండి.

నాకు ఒళ్లంతా చల్లబడింది. బియ్యప్పిండి ఇక్కడుంటే, నేను మూడు స్పూన్లు వేసిందేమిటి? ఉష పొట్ట మీద చెయ్యి వేసుకుని నా వైపే చూసి నవ్వుతోంది.

"పాయసంలో విషం ఉంది" అన్నాను.

ముగ్గురూ ఘొల్లున నవ్వారు. దామోదర్ అయితే చప్పట్లు కొట్టాడు. "అక్క జబర్దస్త్ యాక్టింగ్ చేస్తది అన్నా" అన్నాడు మా ఆయనతో.

"నిజంగా. బోరిక్ పౌడరు కలిపేశాను. మూడు స్పూన్లు. మీరందరూ తినేశారు."

"ముత్యాల దండ ఏదీ మరి" అన్నారు ఆయన. ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నేను ఎంత గట్టిగా చెబితే వాళ్లకి అంత నవ్వొస్తోంది. చచ్చిపోతున్న వాళ్లని పట్టుకుని చెబుతుంటే వాళ్లు నన్ను చూసి నవ్వుతున్నారు. అంతకంటే భయంకరమైన సంగతి నా జీవితంలో చూడలేదు. కప్పు నా చేతిలోంచి జారి పడింది. వంటింట్లోకి పరుగెత్తి, ఆ రెండో సీసా తెచ్చి బోర్డు మీద బోర్లించాను. ఒక కాయిన్ వేలితో కొట్టాను. అది బోర్డు ఆ చివర దాకా జారిపోయి చెక్కకి తగిలి తిరిగొచ్చింది.

అప్పుడు నవ్వులు ఆగాయి.

ఫోన్ పక్కన గోడకి, విషం తిన్నప్పుడు పిలవాల్సిన నంబరు కాగితం అంటించి ఉంది. ఆయన డయల్ చేశారు. అవతల మనిషి ఎంత వేశారని అడిగేసరికి రిసీవర్ నా చేతికిచ్చారు. ఫోన్‌లో ఇంగ్లీషు. మూడు స్పూన్లు అని చెప్పాను. ఎంతమంది తిన్నారు, ముగ్గురు. వాళ్లలో ఒకామె గర్భిణి, ఏడో నెల అని చెప్పాను.

"కావాలని కలిపారా, పొరపాటునా?" అని అడిగిందావిడ.

పొరపాటు, పొరపాటు అని ఎన్నిసార్లు అన్నానో నాకు గుర్తు లేదు. వెంటనే అందరినీ ఆస్పత్రికి తీసుకెళ్లమంది.

కార్‌లో ఆయన డ్రైవ్ చేస్తుంటే దామోదర్ ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనకాల ఉష చెయ్యి పట్టుకున్నాను. ఆమె ఏడుస్తోంది. కళ్లల్లోంచి నీళ్లు అలా కారుతూనే ఉన్నాయి. దామోదర్ మెడ వెనకాల చెమట పట్టడం నాకు కనిపిస్తోంది. రెండు సిగ్నళ్లు దాటాక అద్దం దించి తల బయటికి పెట్టాడు. శనివారం ట్రాఫిక్, ముందు కార్లు కదలవు. ప్రార్థన చేద్దామని కళ్లు మూసుకున్నాను. ఒక్క మాట రాలేదు. ఎంత వెతుక్కున్నా నోటికి వచ్చింది భోజనం ముందు ఆయన చేసే ప్రార్థనే, ఈ ఆహారాన్ని దీవించు ప్రభువా అని. నోరు నొక్కుకున్నాను.

దేవుడు ఈ బిడ్డని నా చేత్తోనే తీయిస్తున్నాడా అనిపించింది. రెండుసార్లు ఆ పిల్ల కడుపుకోత చూసిన నేను మూడోసారి ఒట్టు వేసి మరీ తినిపించాను. ఆస్పత్రి బోర్డు కనిపించగానే కారు ఆగకముందే తలుపు తీయబోయాను. ఆయన కోప్పడ్డారు.

ఎమర్జెన్సీలో ఒక నర్సు మమ్మల్ని వరసగా కూర్చోబెట్టింది. వాంతి చేయించే సిరప్ సీసా ఆమె చేతిలో ఉంది. ఎవరెంత తిన్నారో చెప్పమంది. మా ఆయన అర కప్పు అన్నారు. దామోదర్ మోకాళ్ల మీదకి వంగి, రెండు కప్పులు అన్నాడు.

"ఈమె కూడా రెండు కప్పులు తింది. నేనే వడ్డించాను" అన్నాను ఉషని చూపించి. నర్సు మొహం మారింది. సిరప్ పక్కన పెట్టి, ఉష కోసం చక్రాల కుర్చీ తెమ్మని ఎవరినో పిలిచింది.

"కాదు" అంది ఉష.

ఇంగ్లీషులో, మెల్లగా, నర్సుతోనే చెప్పింది. నా వైపు చూడలేదు. తను ఒక్క స్పూనే నోట్లో పెట్టుకుందట, అదీ కర్చీఫ్‌లో ఉమ్మేసిందట. తన రెండు కప్పులూ తన భర్తే తిన్నాడట. అతనివి రెండూ, తనవి రెండూ, మొత్తం నాలుగు.

"ఊకో ఉషా" అన్నాడు దామోదర్ తల ఎత్తకుండానే. "అక్క ఏమనుకుంటది."

అంటూనే నేల మీద కక్కేశాడు. ఇద్దరు మనుషులు వచ్చి అతన్ని మంచం మీద పడుకోబెట్టి తెరల వెనక్కి తోసుకుపోయారు. కడుపులోకి గొట్టం వేయాలని ఎవరో అనడం వినపడింది. మా ఆయన్ని ఇంకోవైపు తీసుకెళ్లారు. ఉషకి పరీక్ష చేసి, బిడ్డ గుండె బాగా కొట్టుకుంటోందని చెప్పి, బయట కూర్చోమన్నారు.

బిడ్డ క్షేమం. నేను అంతసేపూ అడిగింది అదే. కానీ ఉష మొహం చూస్తే సంతోషించడానికి నాకు ధైర్యం చాలలేదు. తెరల వైపు కన్నార్పకుండా చూస్తోంది. పెదవులు తెల్లబడ్డాయి. ఆ పిల్ల భయం ముందు నా భయం ఏపాటిది? తెర అవతల దామోదర్ వాంతి చేసుకుంటున్న శబ్దం, తర్వాత ఏ శబ్దమూ లేదు. అది ఇంకా ఘోరంగా ఉంది. ఎంతసేపు అలా కూర్చున్నామో తెలియదు. చివరికి డాక్టరు బయటికి వచ్చాడు. చాలా వరకు బయటికి వచ్చేసిందట, గుండె, రక్తపోటు బాగానే ఉన్నాయట. మూత్రపిండాల పరీక్ష కోసం రేపటి దాకా ఉంచుకుంటాం, ప్రాణానికి ప్రమాదం లేదు అన్నాడు. మా ఆయన పూర్తిగా క్షేమమట.

ఉష కుర్చీలో వెనక్కి వాలింది. నేను పక్కనే కూర్చున్నాను.

"మొదటి స్పూనుకే తెలిసిందా?" అని అడిగాను.

"తెలిసిందక్కా. చేదుగ, ఎట్లనో ఉండె. ఆయనకి కూడ తెలిసింది."

"మరి అతనెందుకు తిన్నాడమ్మా?"

"మీరు ఒట్టు పెట్టిండ్రు గద. నాకు వద్దనిపిస్తే ఆయన తినేసిండు. మీరు అంత ప్రేమతోటి చేసిండ్రని."

నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె చెయ్యి నిమిరాను. ఉష చెయ్యి తీసుకోలేదు గానీ, ఇంకా ఏదో చెప్పాలన్నట్టు నా వైపు తిరిగింది. ఆ రోజు మధ్యాహ్నం ఒకసారి నోరు తెరిచింది కదా, ఇక మూసుకోవడం ఆమెకే చేత కావడం లేదనుకుంటాను.

"ఒక్క మాట చెప్తే కోపం చెయ్యరు గద?"

"చెప్పు."

"పోయినసారి, అంతకు ముందు సారి, ఆ పిల్లలు పోయినప్పుడు మీరు రోజు వచ్చేటోళ్లు. పొద్దుగూకే దాంక కూసునేటోళ్లు. నాకు ఒక్కదాన్నే ఏడ్వాలని ఉంటుండె అక్కా. మీరు పక్కన ఉంటే ఏడుపు రాకపోతుండె. మీకు కాఫీ పెట్టాలె, మీరు తెచ్చింది తినాలె, మీరు ప్రార్థన చేస్తే కండ్లు మూసుకోవాలె. మీరు పోయేసరికి ఆయన ఆఫీస్ నుంచి వచ్చేటోడు. ఆయన ముంగట ఎట్ల ఏడ్వాలె? నేను మంచిగ ఏడ్వనేలేదు."

కోపంతో అనలేదు. నిందిస్తున్నట్టూ లేదు. చాలా రోజులుగా మోస్తున్న బరువు దించి పక్కన పెట్టినట్టు చెప్పింది. ఆ సాయంత్రాలు నా జీవితంలో నేను చేసిన ఒకే ఒక మంచి పని అనుకుంటూ వచ్చాను. ఉషకి నేను తప్ప ఎవరున్నారని గర్వపడ్డాను కూడా. ఆ ఇంట్లో అన్నాళ్లూ ఆ పిల్ల నన్ను భరించింది.

కోపం రాలేదని అంటే అబద్ధం. వచ్చింది. ఒక్క మాట అంటే సరిపోయేదానికి, అన్నేళ్లు నోరు మూసుకుని కూర్చుంటుందా అనిపించింది. కానీ ఆ మాట నేను ఎప్పుడు అననిచ్చాను?

తెరల వెనకాల దామోదర్ నిద్రపోతున్నాడని నర్సు వచ్చి చెప్పింది. కాసేపట్లో ఉషని లోపలికి పంపుతానంది. నేను లేచి నిలబడ్డాను. హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకున్నాను. ఫోన్ దగ్గర, కార్‌లో, నర్సు ఎదుట పడ్డ భయాలన్నీ ఒక ఎత్తు. ఇప్పుడు అడగబోయేది ఒక ఎత్తు.

"నన్ను వెళ్లమంటావా ఉషా? నిజం చెప్పు. వెళ్లమంటే వెళ్తాను, ఏమీ అనుకోను."

ఇంకెప్పుడైనా అయితే, నా మాట పూర్తి కాకముందే, అయ్యో అదేం మాటక్కా అనేసి ఉండేది. ఈసారి అనలేదు. నేల వైపు చూస్తూ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. పొట్ట మీద చెయ్యి వేసుకుని, తెరల వైపు ఒకసారి చూసి, మళ్లీ నా వైపు చూసింది. నేను తలుపు ఎటుందో చూసి పెట్టుకున్నాను.

"ఇప్పుడైతే ఉండుండ్రి" అంది.

నేను కూర్చున్నాను. ఉష నా భుజం మీద తల పెట్టుకుని, రెండు చేతులతో మొహం కప్పుకుని, పైకి వినపడేలా ఏడవడం మొదలుపెట్టింది. నేను ఊరుకోమని అనలేదు.